ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు: దూరమెంత? కాలమెంత?

ఢిల్లీ విమానాశ్రయమునకును, అమెరికా పడమటి తీరమున ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయమునకును మధ్య దూరమెంత యని ముగ్గురిని అడిగి చూతము. గోడమీది ప్రపంచపటమున బద్ద పెట్టి కొలిచినవాడు సుమారు 15,000 కిలోమీటర్లనును. భూగోళపు బొమ్మమీద దారము పట్టి కొలిచినవాడు సుమారు 12,400 అనును. ఆ దారిన విమానము నడపిన చోదకుడు ఒకప్పుడు 13,900 అనియు, మరియొకప్పుడు 15,300 అనియు చెప్పును. వింత యేమనగా, ఈ ముగ్గురిలో అబద్ధమాడినవాడు ఒక్కడును లేడు. అంతకంటె వింత మరియొకటి కలదు. 15,300 కిలోమీటర్లు తిరిగిపోయిన విమానము, 13,900 కిలోమీటర్లు పోయిన విమానముకంటె రెండు గంటలు తక్కువ కాలములోనే గమ్యము చేరినది.

ఈ లెక్క ఒకప్పుడు విమానచోదకులకును భూగోళ శాస్త్రజ్ఞులకును మాత్రమే కావలసియుండెను. నేడట్లు గాదు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపట్ల శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ మున్నగు పట్టణములలో ఎన్నియో తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. కూతురి పురిటికనియు, మనుమల ఆలనపాలనలకనియు ఏడుపదుల వయస్సు దాటిన తల్లిదండ్రులు కృష్ణా, గుంటూరు, కరీంనగరము ప్రాంతముల నుండి బయలుదేరుచున్నారు. ఎన్ని గంటలు కూర్చుండవలెను? పోవుటకును వచ్చుటకును ఒకే కాలమేల పట్టదు? టికెట్టుమీది గంటలకును ప్రయాణపు గంటలకును పొంతన ఏల కుదరదు? ఇవి ఇంటింటి ప్రశ్నలైనవి. వీనికి సమాధానము ఒక్క అంకెలో దొరకదు. భూమి ఆకారము మొదటి కారణము, గాలి రెండవది, దేశముల హద్దులు మూడవది. గడియారము వీనికి తోడై లెక్కను మరికొంత చిక్కుపరచును. వరుసగా చూతము.

మొదట భూమి ఆకారము. పటము చదునైనది, భూమి గుండ్రనిది. గుండ్రని దానిని చదునుగా పరచినప్పుడు అది ఎచ్చటనో ఒకచోట సాగక తప్పదు. మనకు చిరకాలముగా అలవాటైన ప్రపంచపటము 1569లో మెర్కేటర్ అను పటకారుడు చూపిన పద్ధతిన గీచినది. నావికులకు అది వరమైనది. ఆ పటముమీద ఒక సరళరేఖ గీచి, దిక్సూచిని ఆ కోణముననే నిలిపి పోయినచో ఓడ రేవు చేరును. అయితే ధ్రువములవైపు పోవుకొలదియు ఆ పటము విపరీతముగా సాగును. అందు గ్రీన్లాండు ఆఫ్రికా ఖండమంత కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి పదునాలుగు రెట్లు పెద్దది. కనుక ఆ పటముమీద తిన్నగా కనబడు దారి భూమిమీద దగ్గరి దారి కాదు.

ఇంటిలో ఒక బత్తాయిపండు తీసికొని ఈ సంగతి పరీక్షింపవచ్చును. పండు నడుమునకు కొంచెము పైగా, ఇంచుమించు ఎదురెదురు ప్రక్కలయందు రెండు గుండుసూదులు గ్రుచ్చి, వానిమధ్య నూలుపోగును బిగించి లాగవలెను. ఆ పోగు పండు నడుము చుట్టును పోదు. జారి తొడిమ దగ్గరగా పోవును. గోళముమీద ఏ రెండు స్థలములకైనను అతి దగ్గరి దారి ఇట్లే ఏర్పడును. ఆ రెండు స్థలములును, గోళకేంద్రమును కలియునట్లు పండును సరిగా రెండు చెక్కలుగా కోసినచో, ఆ కోత అంచే దగ్గరి దారి. దీనిని మహావృత్తమార్గమందురు.

ఢిల్లీ 77 డిగ్రీల తూర్పు రేఖాంశమునను, శాన్ ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమటి రేఖాంశమునను ఉన్నవి. అనగా భూమికి ఇంచుమించు ఎదురెదురు ప్రక్కల ఉన్నవన్నమాట. అందుచేత వీనిని కలుపు మహావృత్తమార్గము ఢిల్లీ నుండి తూర్పునకుగాని పడమరకుగాని పోదు. ఉత్తరదిక్కునకు 16, 17 డిగ్రీలు మాత్రమే తూర్పుగా వాలి, హిమాలయములను, చైనా పశ్చిమభాగమును, సైబీరియాను దాటి, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు పైగా ఆర్కిటిక్ సముద్రముమీదికి ఎక్కి, అలాస్కా మీదుగా దిగివచ్చును. పటముమీది తిన్నని దారికిని దీనికిని భేదము సుమారు 2,600 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి ఢిల్లీకి ఆకాశమార్గమున పోయి తిరిగివచ్చినను ఇంతకు మించదు.

రేడియోలో పనిచేయు మాకు ఈ మహావృత్తము క్రొత్త కాదు. దూరదేశములకు షార్ట్ వేవ్ ప్రసారములు పంపునప్పుడు ఇంజనీర్లు గోడమీది పటమును చూచి ఏరియల్‌ను త్రిప్పరు. రేడియో తరంగములును భూమిచుట్టు మహావృత్తమార్గముననే పోవును గనుక, ఢిల్లీ నుండి కాలిఫోర్నియాకు గురిపెట్టవలెనన్నచో ఏరియల్‌ను ఇంచుమించు ఉత్తరమునకే త్రిప్పవలెను. అయితే తరంగమునకు లేని చిక్కులు విమానమునకు కలవు.

హిమాలయములకు ఆవల టిబెట్టు పీఠభూమి అట్టి చిక్కులలో ఒకటి. విమానములోపలి గాలి ఒత్తిడి హఠాత్తుగా పడిపోయినచో, ప్రయాణికులు సుఖముగా ఊపిరి పీల్చుకొనుటకు విమానము సుమారు 3,000 మీటర్ల ఎత్తునకు దిగవలెను. టిబెట్టులో నేలయే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. దిగుటకు చోటెచ్చట? అందుచేత విమానములు ఆ ప్రాంతమును సాధారణముగా తప్పించుకొని పోవును. ధ్రువప్రాంతమునకు పోవలెనన్నను ప్రత్యేకమైన అనుమతి, సిబ్బందికి శిక్షణ, దారిలో అవసరమైనచో దిగదగిన విమానాశ్రయములు ఉండవలెను. భారతదేశపు ప్రయాణికుల విమానమొకటి ఉత్తరధ్రువ ప్రాంతము మీదుగా పోవుట 2019 ఆగస్టు 15న మొదటిసారి జరిగినది. అది ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కో పోయిన ఎయిర్ ఇండియా విమానమే.

రెండవది గాలి. ఏటివాలున పడవ నడుపుటకును, ఏటికి ఎదురుగా నడుపుటకును గల భేదము గోదావరి తీరమువారికి ఎవరును చెప్పనక్కరలేదు. తెడ్డు వేయువాని బలము ఒక్కటే. ఒడ్డున చెట్లు వెనుకకు పోవు వేగము వేరు. విమానమును అట్టిదే. అది గాలిలో నడచును. ఆ గాలియే ఒక ఏరు. పెద్ద జెట్ విమానము తనచుట్టునున్న గాలితో పోల్చిచూచిన గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగముతో పోవును. ఆ గాలి వెనుకనుండి గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వీచినచో, నేలమీది లెక్కకు విమానవేగము 1,000 అగును. ఎదురుగా వీచినచో 800 అగును.

పోవునప్పుడు నష్టపోయినది వచ్చునప్పుడు లభించును గదా, మొత్తముమీద సరిపోవును గదా యని కొందరికి తోచవచ్చును. సరిపోదు. 9,000 కిలోమీటర్ల దూరమునకు గాలి లేనిచో పోవుటకు 10 గంటలు, వచ్చుటకు 10 గంటలు, వెరసి 20 గంటలు. 100 కిలోమీటర్ల గాలి ఉన్నచో అనుకూలమైన దిక్కున 9 గంటలు, ప్రతికూలమైన దిక్కున 11 గంటల 15 నిమిషములు, వెరసి 20 గంటల 15 నిమిషములు. ఎదురుగాలిలో విమానము ఎక్కువసేపు చిక్కుకొనియుండుటయే దీనికి కారణము. గాలి ఇచ్చునదానికంటె పుచ్చుకొనునదే ఎక్కువ.

ఈ గాలులలో మిక్కిలి బలమైనవి జెట్ వాయుప్రవాహములు. ఉష్ణమండలపు వేడికిని ధ్రువప్రాంతపు చలికిని గల భేదమువలనను, భూమి తన చుట్టు తాను తిరుగుటవలనను ఇవి ఏర్పడి, మధ్య అక్షాంశములలో 9 మొదలు 12 కిలోమీటర్ల ఎత్తున, సన్నని పట్టీలవలె పడమర నుండి తూర్పునకు పారుచుండును. జెట్ విమానములు ఎగురు ఎత్తును ఇదియే. శీతకాలమున జపాను మీదను, పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగము మీదను వీని వేగము ఒక్కొక్కప్పుడు గంటకు 300 కిలోమీటర్లను మించును. జపానుకు చెందిన వాసబురో ఓయిషి 1920 దశకమున బెలూనులను పైకి వదలి ఈ గాలులను కొలిచెను. ఇతరదేశములవారు చదువుకొనుటకని తన నివేదికను ఎస్పెరాంటో భాషలో ప్రకటించెను గాని, ఆనాడు దానిని పట్టించుకొన్నవారు అరుదు.

ఆకాశపుటేళ్లన్నియు తూర్పునకే పారునని అనుకొనరాదు. మన వాతావరణ శాస్త్రజ్ఞులు పంచేటి కోటేశ్వరముగారు 1950 దశకమున మరియొక ప్రవాహమును గుర్తించి లోకమునకు చూపిరి. ఇది వానకాలమున దక్షిణ భారతదేశముమీద, విమానములు సాధారణముగా ఎగురు ఎత్తుకంటె పైగా, తూర్పు నుండి పడమరకు వీచును. మన నైరుతి ఋతుపవనములతో దీనికి దగ్గరి సంబంధము కలదు.

జెట్ ప్రవాహమును ప్రయాణమునకు వాడుకొనుట 1952 నవంబరులో బాగుగా ఋజువైనది. పాన్ అమెరికన్ కంపెనీవారి విమానమొకటి టోక్యో నుండి హొనలూలూకు ఆ ప్రవాహములో పోయి, 18 గంటలు పట్టు ప్రయాణమును పదకొండున్నర గంటలలో ముగించినది. దారిలో ఇంధనము కొరకు ఆగు పనియు తప్పినది.

ఇప్పుడు మనము మొదట చెప్పుకొన్న వింతకు వత్తము. ఎయిర్ ఇండియావారి ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో విమానము మొదట పడమరకు తిరిగి, ఐరోపా ఖండమును, అట్లాంటిక్ సముద్రమును దాటి పోవుచుండెను. దారి 13,900 కిలోమీటర్లు, పొడవునను ఎదురుగాలి. 2016 అక్టోబరు 16న దానిని తూర్పునకు త్రిప్పి పసిఫిక్ మీదుగా పంపిరి. దారి 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయినది. కాని జెట్ ప్రవాహము వెనుకనుండి త్రోయుటచే ప్రయాణము పదునాలుగున్నర గంటలలో ముగిసినది. భాగించి చూచినచో సగటువేగము గంటకు 1,050 కిలోమీటర్లకు పైగా వచ్చును. పడమటి దారిన ఇంచుమించు రెండు గంటలు ఎక్కువ పట్టుచుండెను గనుక అచ్చట సగటు 840 ప్రాంతము. విమానము అట్టిదే, ఇంజనులును అట్టివే. మారినది ఏటివాలు మాత్రమే.

రెండు గంటల ఆదాయము ప్రయాణికుల ఓపికకు మాత్రమే సంబంధించినది కాదు. ఆ దారిన నడచిన బోయింగ్ 777-200 ఎల్ఆర్ విమానమున సుమారు 1,81,000 లీటర్ల ఇంధనము పట్టును. దాని బరువు 145 టన్నులు. నిండుగా బయలుదేరునప్పుడు విమానపు మొత్తము బరువు 347 టన్నులకు మించరాదు. అనగా ఎగురు బరువులో నూటికి నలువది వంతులకు పైగా ఇంధనమే కావచ్చును. ఆ ఇంధనమును మోయుటకే కొంత ఇంధనము ఖర్చగును. ఎదురుగాలి మిక్కుటముగా ఉన్ననాడు అదనపు ఇంధనము కొరకు సరకునో, కొందరు ప్రయాణికులనో తగ్గించుకొనవలసివచ్చును; కానిచో దారిలో ఎచ్చటనైన దిగవలెను.

మూడవది దేశముల హద్దులు. ఆకాశమునకు గోడలు లేవని మనము సామాన్యముగా అనుకొందుము గాని, ప్రతి దేశమునకును తన భూమిపైనున్న ఆకాశముపై అధికారము కలదు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధము ప్రారంభమైన పిమ్మట ఐరోపా విమానములకు రష్యా ఆకాశము మూతపడినది. హెల్సింకీ నుండి టోక్యోకు తొమ్మిది, పది గంటలలో పోవుచుండిన ఫిన్లాండు విమానములు చుట్టుదారి పట్టి, పదమూడు గంటల ప్రాంతము ఎగురవలసివచ్చెను. భూమిమీద ఆ నగరముల దూరము ఒక్క అడుగైనను పెరుగలేదు. మనకును అట్టి అనుభవము కలిగినది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాను తన ఆకాశమును భారత విమానములకు మూసినది. కొలది దినములలో భారతదేశమును అట్లే చేసినది. ఢిల్లీ నుండి అమెరికా పోవు మన విమానములు కొన్ని దక్షిణముగా చుట్టి పోయి, ఐరోపాలో ఇంధనము కొరకు దిగవలసివచ్చెను.

దగ్గరి దారి దొరకినంతమాత్రమున ధైర్యము చాలదు. ఆ దారి క్రింద ఏమున్నదో కూడ చూచుకొనవలెను. 2023 జూన్ 6న ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కో పోవుచుండిన ఎయిర్ ఇండియా విమానమొకటి, ఇంజనులో లోపము కనబడగా, రష్యా తూర్పుకొనయందలి మగదాన్ పట్టణమున దిగినది. అందు 216 మంది ప్రయాణికులును, 16 మంది సిబ్బందియు ఉండిరి. అందరును క్షేమముగా దిగిరి. కాని అంతమందికి చాలు వసతిగృహములు ఆ చిన్న పట్టణమున లేకపోయెను. మరియొక విమానము వచ్చి వారిని తీసికొనిపోవువరకు తాత్కాలికపు బసలలో గడపిరి. శాన్ ఫ్రాన్సిస్కో చేరునప్పటికి తేది జూన్ 8 అయినది. విమానాశ్రయమున ఎదురుచూచు బంధువులకు దూరము, కాలము అను మాటల అసలు అర్థము అట్టినాడు తెలియును.

ఇక గడియారము. టికెట్టుమీద బయలుదేరు గంట బయలుదేరు ఊరిది. చేరు గంట చేరు ఊరిది. మన గడియారము శాన్ ఫ్రాన్సిస్కో గడియారముకంటె శీతకాలమున పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు ముందుండును. అచ్చట మార్చి నెల రెండవ ఆదివారమున గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పి, నవంబరు మొదటి ఆదివారమున తిరిగి వెనుకకు త్రిప్పుటయే ఈ భేదమునకు కారణము.

ఒక ఉదాహరణము చూతము. శీతకాలమున సోమవారము తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీ నుండి బయలుదేరిన విమానము 15 గంటలు ఎగిరినదనుకొందము. మనకు సోమవారము రాత్రి 7 గంటలు. అచ్చట సోమవారము ఉదయము 5 గంటల 30 నిమిషములు. టికెట్టు చూచినవారికి గంటన్నర ప్రయాణమే యనిపించును. తిరుగు ప్రయాణమున దీనికి విలోమము. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున, విమానము నడపువారందరును స్త్రీలే అయిన ఎయిర్ ఇండియా విమానము శాన్ ఫ్రాన్సిస్కో నుండి ఉత్తరధ్రువ ప్రాంతము మీదుగా బెంగుళూరు చేరెను. బయలుదేరినది 9వ తేది రాత్రి. దిగినది 11వ తేది తెల్లవారకముందు. నడుమ 10వ తేది యంతయు ఆకాశముననే గడచినట్లు కనబడినను, నిజముగా పట్టినది 17 గంటలకు పైగా మాత్రమే. కనుక ప్రయాణకాలము తెలియవలెనన్నచో రెండు గంటలను ఒకే ఊరి గడియారములోనికి మార్చి తీసివేయవలెను.

టికెట్టుమీది కాలములో మరియొక సంగతి ఇమిడియున్నది. ఆ లెక్క విమానము నిలిచిన చోటు విడిచినది మొదలు గమ్యమున మరల నిలుచువరకు. పరుగుబాటకు నడచుట, వరుసలో వేచియుండుట, దిగిన పిమ్మట ద్వారము చేరుట, ఇవన్నియు అందులోనివే. కొంత ఆలస్యమునకు ముందే చోటుంచి కంపెనీలు ఈ కాలమును నిర్ణయించును. అందుచేతనే ఆలస్యముగా బయలుదేరిన విమానమును ఒక్కొక్కప్పుడు వేళకు చేరును. చోదకుడు అధిక వేగముతో నడపెనని అనుకొననక్కరలేదు.

ఇంత చెప్పుటలో మా ఉద్దేశము ఒక్కటే. వృద్ధులను ఈ దూరప్రయాణమునకు పంపువారు మూడు విషయములు తెలిసికొనవలెను. ఆ నెలలో ఆ విమానము ఏ దారిన పోవుచున్నది, నడుమ ఎచ్చటనైన దిగునా యనునది మొదటిది. కిందటి సంవత్సరము పోయివచ్చినవారు చెప్పిన గంటలు ఈ సంవత్సరమునకు సరిపడకపోవచ్చును. పోవుటకును వచ్చుటకును పట్టు కాలములను వేరువేరుగా లెక్కించుకొనుట రెండవది. మూడవది మందుల సంగతి. మధుమేహమునకు ఇన్సులిన్ పుచ్చుకొనువారు, రక్తపుపోటునకు వేళ తప్పక మాత్రలు వేసికొనువారు గోడ గడియారమును నమ్మరాదు. ఒక మోతాదునకును మరియొక మోతాదునకును నడుమ ఎన్ని గంటలుండవలెనో, ఏ గంటకు క్రొత్త ఊరి వేళకు మారవలెనో బయలుదేరకముందే వైద్యుని అడిగి కాగితముమీద వ్రాయించుకొనవలెను. ఆ కాగితమును, ప్రయాణమునకు చాలునంతకంటె రెండు మూడు దినముల మందులు అదనముగాను, సరకుగదిలోనికి పోవు పెట్టెలో గాక చేతిసంచిలో ఉంచుకొనవలెను.